జీపునకు పెట్టదగిన సొమ్ములు

గత మాసమున ఈ పుటలయందు వాడిన వాహనమును కొనునప్పుడు చూడవలసిన సంగతులను ముచ్చటించుకొంటిమి. కొనుట ఒక యెత్తు. కొన్న వెనుక దానికి ఏమి తగిలింపవలయును, ఏమి తగిలింపరాదు అనుట మఱియొక యెత్తు. నాలుగు చక్రములకును ఇంజను బలమందు జీపువంటి బండిని కొని, తారురోడ్డు దిగి మట్టిబాటను, రాతిదారిని, వాగుల యిసుకను దాటనేర్చుకొనుచున్న వారి కొఱకు ఈ మాసపు ముచ్చట. ఇది మగవారి వ్యవహారమని పుటను త్రిప్పివేయకుడు. బండికి వెచ్చించు సొమ్ము ఇంటి సొమ్మే. అందు కూర్చుండు పిల్లలు మన పిల్లలే. నేడు ఆ చక్రము వెనుక కూర్చుండువారిలో మన ఆడువారును పెక్కండ్రు కలరు. యుద్ధమధ్యమున దశరథుని రథపు సీల ఊడగా కైక తన వ్రేలు దూర్చి రథమును నిలిపెనని మన అవ్వలు చెప్పుకొను కథ మీరెఱుగనిది కాదు. బండిలో ఏ సీల యెచట నున్నదో తెలిసిన స్త్రీ మనకు క్రొత్తది కాదు.

మా దోమకొండ హైదరాబాదునకు ఉత్తరముగా సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, 44వ జాతీయ రహదారికి కొంచెము ఎడముగా నున్నది. రహదారి దిగి నాలుగూళ్లు పోయినచో చాలును, బండికి పరీక్ష మొదలగును. చెల్కల యెఱ్ఱ మొరము ఎండకాలమున చక్రము క్రింద గులకరాళ్లవలె దొరలును. రేగడి నేల యెండినప్పుడు నెఱ్ఱెలు విచ్చును. తడిసినప్పుడు పిసికిన పిండివలె చక్రమునకు అంటుకొని వదలదు. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట వైపు అడవిబాటలలో బండరాళ్లు తలలెత్తి యుండును. మంజీర యొడ్డున ఇసుక. చెఱువుల మత్తళ్లు పారు దినములలో బాటల మీదనే నీరు. ఒక్క జిల్లాలోనే ఇన్ని విధముల నేల యున్నప్పుడు, ఎక్కడనో ఎడారిలో పనికివచ్చిన సామాను మన యూర పనికివచ్చునని నమ్ముట యెట్లు?

విషయము తేటపడుటకై ఒక యింటి సంగతి చెప్పెదను. మా ఆడబిడ్డ ఎల్లారెడ్డి వైపున కాపురమున్నది. ఆమెది ఆరోగ్యశాఖలో ఉద్యోగము. తండాలకు తిరిగి పసిబిడ్డలకు సూదులు వేయుట, నిండు నెలల గర్భిణులను చూచుట ఆమె పని. స్కూటరు మీద రెండు వానకాలములు తడిసి విసిగి, కూడబెట్టుకొన్న సొమ్ముతో వాడిన జీపొకటి కొన్నది. రోడ్డుమీద నడుపుట బాగుగనే వచ్చును. అడవిదారి మాత్రము క్రొత్త. నగరమున సామానులమ్మెడి అంగడివా రొకరు ఆమెకు ఒక పట్టిక వ్రాసియిచ్చిరి. పెద్ద టైర్లు, బండిని నాలుగంగుళములు పైకెత్తు స్ప్రింగులు, ముందు ఇనుప కమ్మీ, నెత్తిన దీపముల వరుస, లాగుడు యంత్రము, పైకప్పు మీద సామాను పెట్టు చట్రము, ప్రక్కలకు మెట్లు, ఇంజను గాలి పీల్చుటకు ఏనుగు తొండమువంటి గొట్టము. అన్నియు కూడగా బండి వెలలో మూడవవంతు. "వదినా! ఇవి లేనిదే బండి అడవిదారికి పనికిరాదందురు. గాజులు కుదువపెట్టి తెప్పింతునా?" అని యడిగెను.

నేను వెంటనే వలదనలేదు. సరే యనియు ననలేదు. పట్టికలోని ఒక్కొక్క వస్తువునకు మూడు ప్రశ్నలు వేయుమంటిని. ఇది నేను పోవు దారిలోని ఏ యిడుమను తొలగించును? తొలగించుచు మఱి దేనిని చెఱచును? ఇది లేకుండ ఆ పని గడచు ఉపాయము కలదా? ఈ మూడు ప్రశ్నలతోనే ఆ పట్టికను మనమును విప్పి చూతము.

ముందుగా బండికి పుట్టుకతో వచ్చిన బలమెంతయో తెలిసికొనవలయును. 1941 నుండి అమెరికా సైన్యమువారు యుద్ధమున వాడిన విల్లీస్ జీపునకు ఇంజను 60 గుఱ్ఱముల బలముది, బండి బరువు సుమారు 1100 కిలోలు, టైర్లు సన్ననివి. దానినే 1947లో మహీంద్రావారు బొంబాయిలో కూర్చి అమ్మ నారంభించిరి. అట్టి చిన్న బండి కొండలెక్కుటకు కారణము దాని తేలికదనము, నాలుగు చక్రముల బలము, మిక్కిలి నెమ్మదిగా లాగెడి తక్కువ గేరు. తగిలించిన సొమ్ములు కావు. నేటి బండ్లు ఇంకను సమర్థములు. 2020లో వచ్చిన థార్ బండికి క్రింద 226 మిల్లీమీటర్ల ఖాళీ, అనగా ఇంచుమించు జానెడు, కలదు. 2023లో వచ్చిన అయిదు తలుపుల జిమ్నీకి 210 మిల్లీమీటర్లు. క్రొత్తగా నేర్చువారు పోదగిన దారులకు ఇది చాలును. ఐతే ఒక హెచ్చరిక. 2023 నుండి వెనుక చక్రములకు మాత్రమే బలమందెడి థార్ కూడ అమ్మిరి. రూపమొక్కటే; లోపలి గుణము వేఱు. వాడిన బండి కొనువారు నాలుగు చక్రముల గేరుకఱ్ఱ యున్నదో లేదో స్వయముగా చూచుకొనవలయును.

ఆ రెండవ గేరుకఱ్ఱయందు సాధారణముగా మూడు స్థానములుండును. మొదటిది రెండు చక్రముల బలము, తారురోడ్డునకు. రెండవది నాలుగు చక్రముల వేగపు గేరు, మట్టికి, ఇసుకకు. మూడవది నాలుగు చక్రముల నెమ్మది గేరు. రాళ్లకు, నిట్రమైన యెక్కుడు దిగుడులకు. ఎండిన తారురోడ్డు మీద పై రెంటిని వేసి మలుపులు త్రిప్పరాదు; ముందు వెనుక చక్రములు వేర్వేఱు దూరములు తిరుగవలసి యుండి, లోపలి పండ్లచక్రములు బిగిసి యొత్తిడి పడును. దిగుడులో బ్రేకు తొక్కిపట్టుట కంటె నెమ్మది గేరులో ఇంజనునే పట్టుగా చేసికొనుట మేలు. రాతిదారిలో స్టీరింగు చక్రమును పట్టునప్పుడు బొటనవ్రేళ్లను లోపలికి చుట్టరాదు. ముందు చక్రము రాతికి తగిలి స్టీరింగు గిఱ్ఱున తిరిగినచో వ్రేలు విఱుగును. అనుమానమున్నచోట బండి నాపి, దిగి, ఆ దారిని ముందు కాలినడకన చూచి రావలయును. ఈ విద్య కంతకును వెల లేదు.

నలోపాఖ్యానమును చదివినవారికి ఒక ఘట్టము జ్ఞప్తికి వచ్చును. ఋతుపర్ణుని విదర్భకు చేర్పవలసి వచ్చినప్పుడు బాహుకుడు సాలలోనికి పోయి చూపునకు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరుకొనెను. రాజు సందేహించెను. కాని ఆ గుఱ్ఱములే రథమును గాలివలె కొనిపోయినవి. కంటికి పుష్టిగా కనబడుట వేఱు, దారికి పనికివచ్చుట వేఱు. అంగడి వాకిట నిలిపిన అలంకృతమైన బండిని చూచునప్పుడు ఈ కథను తలచుకొనవలయును.

ఇక పట్టిక. మొట్టమొదట సొమ్ము వెచ్చింపదగినది టైర్లకే. బండికిని భూమికిని గల సంబంధమంతయు నాలుగు అఱచేతులంత మేరయందే కదా! టైర్లు ముఖ్యముగా మూడు తెఱగులు. రోడ్డు కొఱకే చేసినవి మొదటివి. వీని గాళ్లు సన్ననివి, బురదలో వెంటనే నిండిపోవును. బురద కొఱకు చేసినవి మూడవవి. వీని పండ్లు పెద్దవి, ఎడము గలవి, తిరుగునప్పుడు మట్టిని చిమ్మివేయును. కాని తడిసిన తారుమీద ఇవి పట్టు తక్కువ, బ్రేకు వేసినచో బండి దూరముగా పోయి ఆగును, రొదయు మిక్కుటము. ఈ రెంటికిని నడుమ, సర్వభూమి టైర్లని చెప్పదగినవి రెండవవి, అంగడిలో ఏ.టి. అని యడిగినచో ఇత్తురు. మన తిరుగుడులో పదింట ఎనిమిది పాళ్లు తారురోడ్డే యైనప్పుడు ఈ నడిమి తెఱగే తగినది. ఉన్న టైర్లు అరిగి మార్చు దినము వచ్చినప్పుడే వీనిని కొనుట పొదుపు. మంచి టైర్లను ఊడబెఱికి మార్చుట దుబారా.

టైరు పెద్దదైన కొలది మంచిదను భ్రమ యొకటి కలదు. లెక్క వేసి చూతము. 245/75 ఆర్ 16 అని వ్రాసియున్నచో, వెడల్పు 245 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు. నడుమ లోహపు చక్రము 16 అంగుళములు. మొత్తము ఎత్తు సుమారు 774 మిల్లీమీటర్లగును. దానికి బదులు 265/75 ఆర్ 16 వేసినచో 804 అగును. ఎత్తు 30 పెరిగినది. కాని నడిమి ఇరుసు పైకి లేచునది అందులో సగమే గదా! పదునైదు మిల్లీమీటర్లు, చిటికెనవ్రేలి వెడల్పు. ఈ చిటికెనవ్రేలి కొఱకు మనము చెల్లించు వెల చూడుడు. వేగము చూపు ముల్లు 60 అని చెప్పునప్పుడు బండి నిజముగా 62కు మించి పోవును. చక్రము బరువై బ్రేకులకు శ్రమ పెరుగును. ఇంజను లాగు బలము తగ్గును. డీజిలు ఖర్చు హెచ్చును. స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడు టైరు లోపలి యంచులకు ఒఱయవచ్చును. కావున కంపెనీవారు చెప్పిన కొలతయే క్రొత్తవారికి క్షేమము.

టైరు కంటెను అగ్గువైనది, అంతకంటె ఎక్కువ మేలు చేయునది దానిలోని గాలి. రోడ్డుమీద 30 పౌండ్ల పైచిలుకు గాలితో నడచు టైరును ఇసుకలోను, మెత్తని దుబ్బలోను 20 పౌండ్లకు, మిక్కిలి యవసరమైనచో 18కి దింపినచో అది నేలమీద పొడుగుగా పఱచుకొనును. ఒంటె పాదము ఇసుకలో దిగబడకుండుటకు ఏది కారణమో ఇదియు అదియే. బరువు ఎక్కువ మేరకు పంచబడును. రాళ్లమీద గూడ కొంచెము గాలి తగ్గిన టైరు రాతిని చుట్టుకొని పోవునే కాని ఎగిరిపడదు. ఇంకను దింపుట క్రొత్తవారికి తగదు; మలుపులో టైరు లోహపు చక్రపు అంచునుండి ఊడిపోవును. గాలి తగ్గించినంత సేపు నెమ్మదిగా నడుపవలయును. తిరిగి తారురోడ్డెక్కకముందే గాలి నింపవలయును. లేనిచో టైరు వేడెక్కి పగులును. దీనికి కావలసినవి రెండే వస్తువులు: గాలి కొలుచు గడియారము, బండి బ్యాటరీతో నడచు చిన్న పంపు. ఆశ్చర్యమేమన, ఈ రెండును ఆ పట్టికలో లేనే లేవు.

రెండవ స్థానము దిగబడిన బండిని తీయు సామానునకు. భారతమున కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగినప్పుడు అతడు తానే దిగి, ఒంటరిగా ఎత్తవలసివచ్చెను. క్రొత్తదారికి ఒంటరిగా పోరాదనుట మొదటి నీతి. రెండవ బండి తోడుండుట ఏ యంత్రము కంటెను మిన్న. తరువాత ఒక పార, ఒక గడ్డపార, జాకీ క్రింద మెత్తని నేలలో పెట్టుటకు మందమైన చెక్కపలక, చక్రము ముందు పఱచుటకు నాలుగు గోనెసంచులు. చక్రము గిఱ్ఱున తిరుగుచున్నకొలది గొయ్యి లోతగును. అది తిరుగుట మొదలైన క్షణముననే కాలు తీసి, దిగి, చక్రము ముందటి మట్టిని తీసినచో పెక్కుమాఱులు బండి తనంతటనే బయటపడును.

మఱియొక బండితో లాగవలసి వచ్చినచో జాగ్రత్తగా వినుడు. ఇది ప్రాణములతోడి పని. బండి చట్రమునకు కంపెనీవారు బిగించిన లాగుడు కొక్కెములకే త్రాడు కట్టవలయును. బంపరునకు కట్టరాదు. వెనుక ట్రాలీ తగిలించు ఇనుపగుండునకు ఎన్నడును కట్టరాదు. అది విఱిగి తుపాకిగుండువలె వచ్చి మనుష్యులను చంపిన సందర్భములు లోకమున కలవు. బావిమోకులు, లారీ త్రాళ్లు ఇందుకు పనికిరావు. బండి బరువునకు రెండు మూడింతలు తాళునని ముద్రవేసిన త్రాడును, దానికి తగిన లంకెలను కొనవలయును. లాగునప్పుడు త్రాటి నడుమ తడిపిన గొంగడి నొకదానిని కప్పినచో, త్రాడు తెగినను దాని విసురు నేలకు దిగును. పిల్లలను, వేడుక చూచువారిని త్రాటి పొడవునకు ఒకటిన్నర రెట్ల దూరమున నిలుపవలయును.

మూడవది బండి క్రింది కవచము. ఇంజను నూనె నిలుచు తొట్టి బండి అడుగుననే యుండును. దానికి రాయి తగిలి చిల్లిపడినచో నూనె కారిపోయి ఇంజను పట్టుకొనిపోవును. అడవిలో దానికి చికిత్స లేదు. కొన్ని బండ్లకు కంపెనీవారే ఇనుపరేకు బిగింతురు. కావున ముందు మెకానికుచేత బండిని పైకెత్తించి, అడుగున ఏమున్నదో మన కన్నులతో చూచుకొని, లేనిచోటనే మందమైన రేకు వేయింపవలయును. ప్రక్కమెట్ల సంగతియు ఇచటనే చెప్పెదను. అత్తగారు, పెద్దవారు ఎక్కుటకు మెట్టు సుఖమే. కాని క్రిందికి వ్రేలాడు మెట్టు గట్టు దాటునప్పుడు మొట్టమొదట రాతికి తగులునది. ఇంట పెద్దవారు తఱచు ఎక్కుదురేని మెట్టుంచి, రాతిదారి మానుట మంచిది.

ఇక బండిని పైకెత్తు స్ప్రింగులు. ఇవి మొదటి యేట అసలే వలదు. బిందెమీద బిందె పెట్టుకొని నడచు స్త్రీకి తెలిసిన సూత్రమే ఇది: బరువు పైకి పోయినకొలది ఒరగుట సులభమగును. నాలుగంగుళములు ఎత్తిన బండి ప్రక్కవాలులో, రహదారి మలుపులో బోల్తాపడు భయము హెచ్చును. ఇంజను బలమును చక్రములకు చేర్చు కడ్డీలు వంకరగా పనిచేసి త్వరగా అరుగును. దీపములు ఎదుటివారి కన్నులలో పడును. చీర కట్టుకొని యెక్కుట యెట్లో ఎత్తించుకొన్నవారే చెప్పవలయును. నెత్తిమీది చట్రమునకును ఇదే దోషము. దానిమీద బియ్యపు బస్తా వేయుటయనగా బండి నడినెత్తిన బండరాయి పెట్టుటయే. లాగుడు యంత్రము మంచిదే. కాని అది బండి ముక్కున పదుల కిలోల బరువు పెట్టును, నిండుబండి బరువునకు ఒకటిన్నర రెట్లు లాగునది కావలయును, వాడుటకు వేఱు శిక్షణ కావలయును. తోడు బండితో పోవు క్రొత్తవారికి దాని యవసరము రాదు.

మఱికొన్నింటికి చట్టమే అడ్డుచెప్పును. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను ప్రకారము, కంపెనీవారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రమున వ్రాయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారు ఈ నియమమునే గట్టిగా నిలిపిరి. అదే సంవత్సరపు సవరణవలన అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వఱకు కారాగారము గాని, మార్పొక్కింటికి 5,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. బండి ముందు బిగించు ఇనుప కమ్మీలను 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణాశాఖవారు నిషేధించిరి. ఇందుకు కారణమును తెలిసికొనదగును. గుద్దుకొన్నప్పుడు తాను నలిగి, లోనివారి ప్రాణము కాచునట్లు బండి ముందుభాగమును నిర్మింతురు. గాలిసంచులు తెఱచుకొనుటయు ఆ నలుగుట ననుసరించియే. గట్టి కమ్మీ ఆ యేర్పాటును చెఱచును. ఎదుట నడచు మనుష్యునకు అది గొడ్డలి వంటిది. నెత్తిమీది దీపముల వరుస ఎదురువచ్చు రైతు ట్రాక్టరును గ్రుడ్డిది చేయును. పైగా చెప్పక చేయించిన మార్పును చూపి బీమావారు నష్టపరిహారమును నిరాకరింపవచ్చును. వ్రాతపూర్వకముగా అడిగి, అనుమతి పొంది, అటుపిమ్మటనే ఏ మార్పైనను చేయించుట గృహిణి ధర్మము.

ఇప్పుడు ఆ తొండపు గొట్టము. మా ఆడబిడ్డ మనసు నిజముగా నిలిచినది దీనిమీదనే. మెఱుగు కొఱకు కాదు. "వదినా! వాగు కవతల తండాలో ఒకతెకు నొప్పులు మొదలైనవనుకొనుము. ఇవతల నేను చేతులు ముడుచుకొని కూర్చుండవలయునా?" అని యడిగెను. ఈ ప్రశ్నకు నవ్వి యూరకుండరాదు.

ఇంజను గాలిని పీల్చి, అణచి, మండించును. గాలి అణగును, నీరు అణగదు. గాలితోపాటు నీరు లోనికి పోయినచో ఇంజనులోని కడ్డీలు వంగును, ఒక్క క్షణమున ఇంజను ముగిసిపోవును. గొట్టము గాలి పీల్చు నోటిని కప్పు ఎత్తునకు తెచ్చును, అంతవఱకు నిజమే. కాని అది చేయునది అంతమాత్రమే. బండి తలుపుల సందులను మూయదు, తీగలను కాపాడదు, బండికి బరువు పెంచదు. పారు నీటికి ఉన్న త్రోపుడు శక్తి మనమూహించు దానికంటె మిక్కుటము. అడుగెత్తు ప్రవాహము చిన్న కారును కదల్చును. రెండడుగుల ప్రవాహము పెక్కు వాహనములను కొట్టుకొనిపోవును. థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో దిగగలదని కంపెనీవారు చెప్పునది కదలని నీటి మాట, అడుగు గట్టిగా నున్నచోటి మాట. వఱదలో వాగు అడుగు ఎచట కోసుకొనిపోయినదో పైనుండి కనబడునా?

2025 ఆగస్టు కడపటి వారమున మన కామారెడ్డి జిల్లా దీనిని కన్నులార చూచినది. రాజంపేట మండలపు ఆర్గొండలో ఒక్క దినమున 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది. రోడ్లు తెగినవి; రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది. రైలుకట్టను కోసిన నీటికి మన జీపు ఒక లెక్కయా? గొట్టము బిగించిన బండి దానికంటె ధైర్యము నెక్కువగా అమ్మును. నీరు చూచి ఆగవలసిన కాలు ఆ ధైర్యముచేత ముందునకు పోవును. కావున తండాకు సాయము పోవలయునన్న మంచి మనసు గలవారికే ఈ వస్తువు మఱింత అపాయకరము.

అట్లయిన నొప్పులు పడు తల్లి మాటేమి? ఆ ప్రశ్నకు సమాధానము బండిలో లేదు, కాగితమున నున్నది. వానకాలము రాకముందే వాగు కవతలి తండాలలో నిండు నెలలవారి పేర్లను, ప్రసవపు తేదీలను వ్రాసికొని, వఱద సూచన వచ్చిన దినముననే, వాగు మోకాలెత్తు రాకముందే, వారిని ఇవతలి యూరికి, ఆసుపత్రికి దగ్గఱగా తరలించుట. ఆ తరలింపునకు జీపు బంగారమువంటిది. మెత్తబడిన బాటలో స్కూటరు పోలేదు, జీపు పోవును. వఱద వచ్చిన వెనుక పని బోటులవారిది, అధికారులది. మా ఆడబిడ్డ కొంతసేపు మాటాడలేదు. పిదప, "ఆ జాబితా నా యొద్ద నున్నదే, వదినా! తేదీల వరుసలో వ్రాసికొనలేదు, అంతియే" అనెను.

తుదకు ఆమె కొన్నవి ఇవి. అరిగిన టైర్లకు బదులు అదే కొలతలో ఏ.టి. టైర్లు నాలుగు, గాలి గడియారము, పంపు, ముద్రగల త్రాడొకటి, లంకెలు రెండు, పార, పలక, అడుగున రేకు లేనిచోట రేకు, ఒక చేతిదీపము, ఒక మందులపెట్టె. అంగడివారి మొత్తమున నాలుగవవంతునకు లోబడినది. మిగిలిన సొమ్ములో కొంత శిక్షణకు కేటాయించుకొనుమంటిని. నేర్పుగల చోదకుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నాలుగు ఆదివారములు ఎండినదారిలో, పిమ్మట తడిదారిలో నడుపుట ఏ స్ప్రింగు కంటెను విలువైనది. ఒక యేడు నడిపిన వెనుక బండి ఎచట తగులుచున్నదో, ఎచట చాలకున్నదో ఆమెకే తెలియును. అప్పుడు కొను వస్తువు అవసరము చెప్పగా కొన్నదగును గాని అంగడి చెప్పగా కొన్నది కాదు.

ముగించుటకు ముందు మర్యాదను గూర్చి ఒక మాట. జీపు ఎచటికైనను పోగలదని ఎచటికైనను పోరాదు. తడిసిన చెఱువుకట్టమీద చక్రములు చేసిన గాళ్లలో నీరు నిలిచి కట్టకు కోత పడును. పొలము గట్టు త్రొక్కినచో రైతు ఒక మడి నీటిని కోలుపోవును. పోచారమువంటి అభయారణ్యములలో అనుమతి లేక ప్రవేశించుట 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము నేరము. ఆ యడవి దుప్పులకు ఇల్లు, మనకు ఆటస్థలము కాదు. మా యూరి కోటకు 2022లో యునెస్కోవారి ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది. అట్టి పాతగోడల యొద్ద బండి సాము చేయక, దిగి నడచి చూచుటయే అందము.

సోదరీమణులారా! మీ యింట ఎవరైనను ఇట్టి పట్టికను తెచ్చి మీ ముందు పెట్టినచో కోపగింపకుడు, మురియకుడు. కాగితము కుడిప్రక్క మూడు గీతలు గీచి, ఆ మూడు ప్రశ్నలను వ్రాసి, జవాబులు నింపుమని తిరిగి యిండు. నిండిన వరుసలకు డబ్బిండు. ఖాళీగా నున్నవానిని కొట్టివేయుడు. వచ్చు మాసమున, దారిలో పగిలిన టైరును మగవారి సాయము లేకుండ మార్చుకొను విధమును వ్రాసెదను. అంతలో ఒక పని చేయుడు: మీ బండి జాకీ యెచట నున్నదో, అది తిరుగుచున్నదో లేదో ఈ వారముననే తీసి చూచుకొనుడు.